రాజులు వెడలిన రాజధాని: దోమకొండ

పాత రాజధానిని చూడబోవువారు సింహాసనము ఎచట నుండెనని అడుగుదురు. గోడ ఇన్నాళ్లు ఎట్లు నిలిచినదని అడుగువారు అరుదు. ఆ రెండవ ప్రశ్నయే ముఖ్యమని మా యభిప్రాయము.

కామారెడ్డిలో రైలు దిగి ఆగ్నేయముగా పోయినచో దోమకొండ వచ్చును. కామినేని వంశమువారు ఏలిన సంస్థానమునకు ఇది రాజధాని. కోట సుమారు 40 ఎకరముల మేర వ్యాపించియున్నది. మొదట కందకమును, ప్రాకారమును చూడవలెను. పిమ్మట ద్వారమును, లోపలి అద్దాల మేడను, కాకతీయుల నాటిదని చెప్పబడు మహాదేవాలయమును చూడవలెను. శత్రువును ఆపునది, వచ్చినవానిని పరీక్షించునది, దొర నివసించునది, దొరయు తలవంచునది - ఈ వరుసలోనే రాజ్యమంతయు ఇమిడియున్నది.

ఇట్టి వరుస దూరదేశములందును కలదు. వియత్నాములోని హ్యూ నగరము 1802 నుండి 1945 వరకు న్గుయెన్ వంశపు చక్రవర్తుల రాజధాని. అచటను కందకము, ప్రాకారము, దానిలోపల మరల ప్రాకారములు, నడుమ అంతఃపురము, ఎదుట సుగంధనది. 1945 ఆగస్టు 30న బావో దాయి చక్రవర్తి కోట దక్షిణద్వారమున సింహాసనమును త్యజించెను. 1949లో హైదరాబాదు రాష్ట్రమున జాగీర్లు రద్దయినవి. దోమకొండ దొరతనమును ముగిసినది.

రాజు వెడలిన పిదప కోటకు దిక్కెవరు? హ్యూ భవనములు పెక్కు 1947, 1968 సంవత్సరముల పోరాటములలో నాశనమైనవి. మన కోటలకు మాత్రము వానయే పెద్ద శత్రువు. కప్పు సందున నీరు దిగును. పగులులో రావిమొక్క మొలచును. వేరు లావెక్కినకొలది రాయి కదలును. తొందరపడి సిమెంటు పూసినచో మరింత కీడు. డంగుసున్నపు గోడ తాను పీల్చిన తేమను తిరిగి విడుచును. సిమెంటు ఆ తేమను లోపలనే బంధించును, గోడ గుల్లబారును.

దోమకొండలో పూర్వపాలకుల వంశీయులే పూనుకొని కోటను బాగుచేయించిరి. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారములలో ఒకటి దీనికి లభించినది. హ్యూ కట్టడములు 1993లోనే ప్రపంచ వారసత్వ జాబితాకెక్కినవి. అచట కూలిన కియెన్ ట్రుంగ్ భవనమును తిరిగి నిర్మించి 2024లో ప్రజలకు తెరచిరి.

ఎల్లారెడ్డి మీదుగా పోయి, మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరమును చూడదలచువారు ఒక పూట దోమకొండకును కేటాయింతురు గాక. ప్రవేశవేళలు ముందుగా విచారించుకొనుట మేలు. గోడపై పేరు చెక్కవలదు. పగులులో మొక్క కనబడినచో కావలివానికి చెప్పుడు.