ఎత్తు తక్కువైతే ఫుట్‌బాల్ టీమ్‌లో చోటు ఉండదా?



"మా వాడు పొట్టిగా ఉన్నాడు మేడమ్, ఫుట్‌బాల్‌లో ఏం పైకొస్తాడు? ఆ గంట ట్యూషన్‌కు పంపిస్తాం." పేరెంట్స్ మీటింగుల్లో ఈ మాట తరచూ వినిపిస్తుంది. హైట్ కొలిచి పిల్లల ఆటకు తీర్పు చెప్పేయవచ్చా? ఒకసారి ఆలోచిద్దాం.

ఎత్తు వేరు, ఎగరడం వేరు

పైనుంచి వచ్చే బంతిని తలతో కొట్టడానికి రెండు కావాలి. ఒకటి మనిషి ఎత్తు, రెండోది నేల మీద నుంచి ఎంత పైకి ఎగరగలడన్నది. ఈ రెండోది, పాదాలు నేలను వదిలే క్షణంలో ఉన్న వేగాన్ని బట్టి ఉంటుంది. ఆ వేగాన్ని ఇచ్చేవి తొడలు, పిరుదులు, పిక్కల కండరాలు. కండరం శరీరాన్ని పైకి లేపుతుంది, అదనపు కొవ్వు మాత్రం మోయాల్సిన బరువే. బీఎంఐ ఈ తేడాను చూపించదు. అందుకే ఎత్తు, బరువు సమానంగా ఉన్న ఇద్దరు పిల్లలు ఒకేలా ఎగరరు.

ఒక లెక్క చూడండి. నిలబడి చెయ్యి చాపితే 202 సెంటీమీటర్లు అందుకునే అబ్బాయి 24 సెంటీమీటర్లు ఎగిరితే 226 అందుతుంది. 192 మాత్రమే అందుకునే అబ్బాయి 36 ఎగిరితే 228. పొట్టి పిల్లవాడిదే పైచేయి!

మైదానం చెప్పిన సాక్ష్యం

మన సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రి ఎత్తు 170 సెంటీమీటర్లే. 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మాల్దీవులపై 40 ఏళ్ల వయసులో తలతోనే గోల్ కొట్టాడు. అంతే ఎత్తున్న మెస్సీ 2009 చాంపియన్స్ లీగ్ ఫైనల్లో 197 సెంటీమీటర్ల గోల్‌కీపర్ వాన్ డెర్ సార్ మీదుగా హెడర్ కొట్టాడు. ఎగరడంతో పాటు ఎప్పుడు ఎగరాలో తెలియడం కూడా ముఖ్యమే. గోల్‌కీపర్‌కు మాత్రం ఎత్తు బాగా కలిసొస్తుంది, కాదనలేం.

ఎదిగే వయసులో తొందరపడొద్దు

సాధారణంగా అమ్మాయిలు 12 ఏళ్ల ప్రాంతంలో, అబ్బాయిలు 14 ఏళ్ల ప్రాంతంలో వేగంగా ఎత్తు పెరుగుతారు. కొందరు ముందు, కొందరు వెనుక. అందుకే అండర్-14 జట్టులో ఈరోజు పొట్టిగా కనిపించే పిల్లవాడు రెండేళ్లలో అందరినీ దాటవచ్చు. కాళ్లు చేతులు ఒక్కసారిగా సాగే ఆ కొన్ని నెలలు కొందరికి బ్యాలెన్స్ తప్పుతుంది, ఆట తగ్గినట్టు అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే మనం ఆట మాన్పించేస్తాం. అమ్మాయిల విషయంలో ఇది మరీ ఎక్కువ. దయచేసి ఆ కొన్ని నెలలు ఓపిక పట్టండి.

మోకాలి చిప్ప కింద నొప్పి అంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఎదిగే వయసు ఆటగాళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. గెంతులు తగ్గించి డాక్టర్‌కు చూపించండి.

ఇంట్లోనే కొలవండి

1. గోడ పక్కన నిలబడి, చేతి వేళ్లకు చాక్‌పీస్ పొడి రాసుకుని, మడమలు ఎత్తకుండా అందినంత పైన గుర్తు పెట్టించండి.
2. మోకాళ్లు వంచి, చేతులు ఊపి ఎగిరి రెండో గుర్తు పెట్టమనండి. మూడుసార్లలో పై గుర్తు తీసుకోండి.
3. రెండు గుర్తుల మధ్య దూరమే మీ పిల్లల జంప్. తేదీ వేసి రాసుకోండి. రెండు నెలలకు మళ్లీ కొలవండి.

ఈ అంకెను పక్కింటి పిల్లలతో పోల్చకండి, పిల్లల పాత అంకెతోనే పోల్చండి.

పెంచేది ఏమిటి?

తాడాట, గుంజీలు, పరుగు, మధ్యమధ్య విశ్రాంతి, రాత్రి నిండా నిద్ర. మన జొన్నరొట్టె, పప్పు, గుడ్డు, వేరుశెనగలు, పెరుగు చాలు. "ఎత్తు పెంచే" పొడి డబ్బాల మీద డబ్బు పోయకండి. మన ఎండల్లో ప్రాక్టీస్ ఉదయమో సాయంత్రమో పెట్టుకోవడం మంచిది.

ఎత్తు చాలావరకు మీరిచ్చిన వారసత్వం, దాన్ని పిల్లలు మార్చుకోలేరు. జంప్ మాత్రం సాధనతో పెరుగుతుంది. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు మీ పిల్లల రెండు అంకెలు తీసుకురండి. పీఈటీ సార్‌తో కలిసి మాట్లాడుకుందాం.