దీపావళి రాత్రి పంజరంలో పిట్ట ఎందుకు కొట్టుకుంటుంది?

దీపావళి మర్నాడు పొద్దున్నే పక్కింటి కుర్రాడు పంజరం పట్టుకొచ్చి మా అరుగు మీద పెట్టాడు. "మాస్టారండీ, టపాకాయ ఒక్కటీ దీని దగ్గరకి రాలేదండి. మరి రెక్క కాడ ఆ నెత్తురేంటండి?"

లోపల పచ్చటి బడ్జీ. లవ్ బర్డ్స్ అని కొట్టువాడు అమ్మేశాడు గానీ, ఇది ఆస్ట్రేలియా పిట్ట. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. రామచిలుక కానందుకు సంతోషించాను. దాన్ని పంజరంలో పెడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, కోనసీమలో చాలామంది ఆ మాట వినిపించుకోరు.

వాడి ప్రశ్నలోనే జవాబుంది. పిట్టను కోసింది చప్పుడు కాదు, చువ్వలు.

ఎందుకంటే పిట్టకు తెలిసిన రక్ష ఒక్కటే, ఎగిరిపోవడం. నెదర్లాండ్స్‌లో కొత్త సంవత్సరం రాత్రి బాణసంచా కాలుస్తారు. అప్పుడు పక్షులు ఏం చేస్తున్నాయో వాతావరణ రాడార్లతో చూశారు. పన్నెండు దాటిన కాసేపటికే వేలకొద్దీ పక్షులు నిద్రలోంచి లేచి సుమారు 500 మీటర్ల ఎత్తుకు పోయాయి. పంజరంలో పిట్టకూ అదే బుద్ధి పుడుతుంది, ఆకాశమే ఉండదు. పైగా చీకట్లో దానికి చూపు సరిగా ఆనదు. ఓ మెరుపు, ఓ పేలుడు, మళ్ళీ చీకటి. గుడ్డిగా లేచి చువ్వలకు కొట్టుకుంటుంది. కొత్తగా మొలుస్తున్న ఈకలో నెత్తురు పారుతుంటుంది. అది విరిగితే ఒక్కోసారి కారుతూనే ఉంటుంది. 35 గ్రాముల పిట్ట ఒంట్లో నెత్తురంతా కలిపినా మూడున్నర మిల్లీలీటర్లే, టీస్పూను కూడా నిండదు.

"చెవులు పోతాయేమోనండి?" అన్నాడు. దాని చెవులు కళ్ళ వెనక ఈకల కింద దాక్కుని ఉంటాయి. వినికిడి విషయంలో పక్షి మనకంటే అదృష్టవంతురాలు. చప్పుడుకు చచ్చిపోయిన వినికిడి కణాలు మనిషికి తిరిగి రావు; కోడిపిల్లల్లో, కౌజు పిట్టల్లో మళ్ళీ పుడుతున్నాయని 1988లో తేలింది. అలాగని పంజరం పక్కన లక్ష్మీబాంబు పెట్టమని కాదు. పేలిన చోటు నుంచి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటే టపాకాయల్ని అమ్మడమే నిషేధం. ఆ లోపువి కూడా చిన్న చప్పుళ్ళేం కావు.

మరి ఎలా కాపాడాలి? దానికి కాస్త కనబడేలా చెయ్యాలి, చప్పుడు ఉలికిపాటుగా తగలకుండా చూడాలి.

పంజరాన్ని వసారాలోంచి తీసి నడిమింట్లో, కిటికీకి దూరంగా, గోడకు ఓ పక్క ఆనేలా పెట్టండి. మూడు వైపులా పాత నేత దుప్పటి కప్పి, ముందువైపు వదిలెయ్యండి. మొత్తం మూసేస్తే గాలాడదు, చీకటి మరింత ముదురుతుంది. ఈ ఏర్పాటు పండక్కి నాలుగు రోజుల ముందే మొదలెట్టండి. ఆ రాత్రే కొత్త చోటు, కొత్త దుప్పటి అంటే అదో భయం. జీరో బల్బు రాత్రంతా వెలగాలి. మనకు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కదా, చార్జింగ్ లైటు ఒకటి దగ్గరుంచుకోండి. నాకు అన్నిటికంటే నమ్మకమైన ఉపాయం ఈ దీపమే.

ఊయల, గంట, అద్దం తీసెయ్యండి, కొట్టుకున్నప్పుడు అవే తగులుతాయి. రోజూ వినే రేడియోనో టీవీనో మామూలు చప్పుడుతో ముందే పెట్టండి. అలవాటైన మోత మధ్య పేలుడు అంత విడిగా వినబడదు. తినడానికి ఓ కొర్ర కంకి కట్టండి. తలుపులు మూస్తే పొగా తగ్గుతుంది. చిన్న పిట్ట ఊపిరికి పొగ చాలా చేటు.

2018లో సుప్రీంకోర్టు దీపావళి టపాకాయలకు రాత్రి 8 నుంచి 10 వరకే వీలిచ్చింది. మన వీధి గడియారాలకు ఆ సంగతి తెలీదు, కాబట్టి సాయంత్రం ఆరింటికే అన్నీ సర్దెయ్యండి. కనుమనాడు ప్రభల తీర్థంలో టపాకాయలు కాల్చినా ఇదే పద్ధతి.

కొట్టుకుంటోందని జాలిపడి చేత్తో గట్టిగా పట్టుకోకండి. పక్షికి మనలా ఉదరవితానం లేదు, రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరాడుతుంది. ధైర్యం చెప్పబోయి ఊపిరి తీసేసిన వాళ్ళమవుతాం. పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడితే చాలు.

నెత్తురు కారితే కార్న్‌ఫ్లోర్ అద్ది, శుభ్రమైన గుడ్డతో ఆ ఈక దగ్గర మాత్రం రెండు మూడు నిమిషాలు నొక్కి ఉంచండి. ఆగకపోయినా, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తూ తోక ఊపుతున్నా పశువుల డాక్టరు దగ్గరకు పట్టుకెళ్ళాలి. కుర్రాడి బడ్జీకి కారడం అప్పటికే ఆగిపోయింది.

"మరి దుప్పటి ఎప్పుడు తియ్యనండి?"

"తెల్లారాక. ఒక్కసారి లాగెయ్యకు, ముందు ఓ మూల ఎత్తి పలకరించు. గింజ తింటే అప్పుడు మొత్తం తియ్యి."

"ఆయ్," అని పంజరం ఎత్తుకున్నాడు.