చలికాలమున చక్రముల కుర్చీ

మార్గశిర పుష్యమాసములలో మన పల్లె జనులకు ఇంటిలోకంటె వెలుపలనే పని యెక్కువ. తెల్లవారుజామున ధనుర్మాసపు పూజ, ముంగిట ముగ్గు, కళ్లమున ధాన్యము, పిదప భోగిమంట. సరిగా నీ దినములలోనే చక్రముల కుర్చీపై తిరుగువానిని ఇంటివారు "చలిగా నున్నది, వెలుపలి కేల?" యని గదిలో నుంతురు. అది ప్రేమయే, కాదనను. తాటిచెట్టుమీదనుండి పడి నడుము విరిగిన నా పూర్వశిష్యు డొకడు, "చలి నోర్చుకొందును గాని, అయ్యవారూ, ఊరి మాటలు వినక యుండలేను" అనెను. వానిని వెలుపలికి గొనిపోవు విధమును చెప్పెదను.

వెన్నుపాము దెబ్బతిని స్పర్శ పోయిన కాళ్లకు చలియు తెలియదు, వేడియు తెలియదు. శాలువ కప్పి పాదములను మరచుట పలువురు చేయు పొరపాటు. మేజోళ్లు తొడిగి, తొడలపై దుప్పటి వేసి, దాని యంచులు చక్రపు ఊచలలో చిక్కకుండ లోనికి మడవవలెను. ఇంతకంటె భయపడవలసినది కుంపటి. దాని చెంతకు కుర్చీని జరిపినచో, కాలు కాలుచున్నను ఆతడెరుగడు; బొబ్బలు లేచిన పిదప కంట చూచి తెలిసికొనును. వేడినీళ్ల సంచియు నట్టిదే. భోగిమంట కడకు తప్పక తీసికొనిపొండు. ప్రక్కన నిలిచినవాని మోకాలికి సెగ తగిలినంతనే కుర్చీని వెనుకకు జరపుడు.

ఇక దారి. కళ్లాపి చల్లిన ముంగిట చక్రము జారును. తడిసిన చక్రమును త్రిప్పు చేతికి పట్టు తప్పును. ఇల్లాలు వాకిటినుండి వీధివరకు రెండు మూరల వెడల్పు పొడిగా విడిచిన చాలును. అంతమాత్రమున లక్ష్మీదేవి యలుగదు. చేతులకు ఉన్ని తొడుగులు జారును గనుక, అరచేతివైపు తోలు గలవి మేలు. చలికి గాలిచక్రములు కొంత మెత్తబడును. ఉదయమున వ్రేలితో నొక్కి చూడవలెను. ఏలయన మెత్తని చక్రముపై బ్రేకు కూడ సరిగా పట్టదు.

కళ్లపు దారిలో గడ్డియు ఇసుకయు నుండును. అచ్చట ముందునకు త్రోసినచో చిన్న చక్రములు కూరుకొని, కూర్చున్నవాడు బోర్లపడును. వెనుకనున్నవాడు ముందుగా చెప్పి, కుర్చీని తనవైపు కొంచెము వాల్చి, పెద్ద చక్రములమీద నడపవలెను. ఏటవాలున దింపునపుడు కుర్చీని వెనుకకు త్రిప్పి, తాను క్రిందివైపున నుండి మెల్లగా దింపవలెను. గుడిమెట్టు ఆరంగుళముల యెత్తైనచో ఆరడుగుల బల్ల కావలెను. అడుగెత్తునకు పండ్రెండడుగుల నిడివి లెక్క. ప్రజలు వచ్చిపోవు భవనములు వికలాంగులకు అందుబాటులో నుండవలెనని 2016వ సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. పంచాయతీ కచేరి మెట్లను పెద్దలు ఒకమారు ఈ దృష్టితో చూడుదురు గాక.

ఆతని నడుగక కుర్చీని కదపరాదు. ఎచటికి పోవలెనో, ఎప్పుడు మరలవలెనో ఆతడే చెప్పును, త్రోయువాడు వినవలెను. పొగమంచు విడువకమునుపు పెద్దరోడ్డు మీదికి పోకుడు. పోక తప్పనిచో కుర్చీ వెనుక ఎఱ్ఱదీపము కట్టుడు. అరగంట కొకసారియైనను చేతులూని పైకి లేచుటకో, ప్రక్కకు వాలుటకో ఆతనికి తోడ్పడుడు; కదలక కూర్చున్నచో పుండ్లు పడును. ఇల్లు చేరిన వెంటనే మేజోళ్లు విప్పి, వెలుతురులో మడమలును వ్రేళ్ల సందులును చూడుడు. ఎఱ్ఱనై, నొక్కినను రంగు మారని మచ్చ కనబడినచో, ఆ చోట ఒత్తిడి పడనీయక వైద్యునకు చూపుడు.