వడ్ల కొట్టులో అడ్డు: పలక కన్నా బస్తాలే మేలు

సింధనూరు, గంగావతి క్యాంపుల్లో మనకు కొట్టు ఒకటే. విత్తనాల వడ్లు, తిండి వడ్లు మాత్రం కలవకూడదు. అందుకని మధ్యలో పలకో రేకో నిలబెట్టి రెండు పక్కలా పోసేస్తాం. ప్రమాదం అక్కడే. విడి వడ్లు పక్కకు తోస్తాయి. కుప్ప ఎత్తు రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. ఒక పక్క ఖాళీ చేయగానే పలక విరిగి మనిషి మీద పడొచ్చు.

బస్తాల గోడ మేలు. కింద చెక్కలు పరిచి, నిండు బస్తాలను ఇటుకల్లా అతుకు తప్పించి పేర్చాలి: అడుగున రెండు వరసలు, పైన ఒకటి. కుప్పను నడుము ఎత్తు దాటనివ్వొద్దు. రెండు పక్కలా పైనుంచి సమంగా తీద్దాం. విత్తనాలను తేమ 13 శాతానికి దిగేదాకా ఆరబెట్టి బస్తాలకెత్తితే అసలు అడ్డే అక్కర్లేదు. పిల్లల్ని మాత్రం కుప్ప ఎక్కనివ్వొద్దు.