వంటశాలకూ సెలవు కావాలి

పాఠశాల అనగానే ఉపాధ్యాయుడు, విద్యార్థి, నల్లబల్ల స్ఫురిస్తాయి. కాని గంట మ్రోగించే అటెండరు, గదులు శుభ్రపరచే ఆయా, మధ్యాహ్న భోజనం వండే మహిళ లేనిదే ఏ పాఠశాలా సక్రమంగా నడవదు. ఈ ఉపాధ్యాయేతర సిబ్బందిలో వంట చేసే మహిళల స్థితి ప్రత్యేకంగా ఆలోచింపదగినది.

ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు వండిన ఆహారం అందించాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. ఈ పథకం నియమాల ప్రకారం 25 మంది వరకు విద్యార్థులున్న చోట ఒకరు, 26 నుండి 100 మంది వరకు ఉన్న చోట ఇద్దరు వంటపని చేస్తారు. ఒక్కరే ఉన్న బడిలో ఆమెకు జ్వరం వస్తే పొయ్యి వెలిగించేవారుండరు. బిడ్డ ఆసుపత్రిలో ఉన్నా ఆమె బడికి రావలసిందే. రాలేకపోతే బదులుగా మరొకరిని పంపి, ఆనాటి ఆదాయాన్ని వదులుకోవాలి.

శ్రామికుల కష్టకాలాన్ని మన రాజ్యాంగం విస్మరించలేదు. న్యాయమైన, మానవీయమైన పని పరిస్థితులను, ప్రసూతి సహాయాన్ని కల్పించాలని 42వ అధికరణం రాజ్యాన్ని నిర్దేశిస్తున్నది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం 12 వారాల వేతన సెలవును ఇచ్చింది. 2017లో దానిని మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలకు పెంచారు. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఈ హక్కును కొనసాగించింది. ప్రసవానికి ముందు ఏడాదిలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండటం దీనికి అర్హత.

శాశ్వత ఉద్యోగులకే ఈ హక్కు పరిమితమా? ఈ ప్రశ్న ఢిల్లీ నగరపాలక సంస్థలో పనిచేసిన దినకూలీ మహిళల వ్యాజ్యంలో తలెత్తింది. వారికి కూడా ప్రసూతి ప్రయోజనం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2000లో తీర్పు చెప్పింది.

అయినా బడి వంటమనిషికి ఈ సెలవు దక్కడం లేదు. కారణం ఒక్క మాటలో ఉన్నది. ఆమె పొందేది వేతనం కాదు, ‘గౌరవ వేతనం’. పథకం ఆమెను ఉద్యోగిగా కాక, సేవాభావంతో ముందుకు వచ్చిన వ్యక్తిగా పరిగణిస్తుంది. 2009లో కేంద్రం నిర్ణయించిన ప్రమాణం నెలకు 1000 రూపాయలు. అదీ ఏడాదికి పది నెలలకే. కొన్ని రాష్ట్రాలు దీనికి తమ వంతు కలుపుతున్నాయి. ఇటువంటి పథకాలలో పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించాలని 2013లో భారత కార్మిక సదస్సు సిఫారసు చేసింది. ఆ గుర్తింపు లభిస్తే సెలవుకు మార్గం సుగమమవుతుంది.

ఆమె సెలవు పెడితే వంట ఎవరు చేయాలన్న సందేహం సహజమే. ఉపాధ్యాయుడు సెలవులో ఉన్నప్పుడు మరొకరు తరగతి చూసుకుంటారు. వంటశాలకూ అటువంటి ఏర్పాటు అసాధ్యం కాదు. పైగా అనారోగ్యంతో ఉన్నవారు వండితే టైఫాయిడ్ వంటి వ్యాధులు ఆహారం ద్వారా పిల్లలకు సోకే ప్రమాదమున్నది. కనుక ఆమెకిచ్చే సెలవు బడిలోని పిల్లలందరికీ రక్షణ. పదిమంది బిడ్డల ఆకలి తీర్చే తల్లి, తన బిడ్డ జబ్బుపడిన నాడు వాని ప్రక్కన నిశ్చింతగా కూర్చోగలగాలి.