రాజధానిపై పెత్తనం ఎవరిది?
పార్లమెంటు, శాసనసభల నడుమ నలిగేది నగరపాలికే

అనంతపురం: ఉన్నచోటు నుంచి కదలకుండానే నాలుగు రాజధానులను చూసిన జిల్లా ఇది. 1953 వరకు మద్రాసు, 1956 వరకు కర్నూలు, ఆపై హైదరాబాదు, రాష్ట్ర విభజన తర్వాత అమరావతి. రాజధాని ఎక్కడ ఉండాలన్న చర్చ 1937 నాటి శ్రీబాగ్‌ ఒడంబడిక నుంచీ సీమలో సాగుతూనే ఉంది. అయితే ఆ నగరాన్ని పాలించే హక్కు పార్లమెంటుదా, రాష్ట్ర శాసనసభదా, స్థానిక ప్రజలు ఎన్నుకున్న పాలకవర్గానిదా అన్న ప్రశ్న అంతగా చర్చకు రాలేదు. హైదరాబాదు ఉమ్మడి రాజధానిగా ఉన్న పదేళ్ల అనుభవం ఈ ప్రశ్నను ముందుకు తెచ్చింది.

సెక్షన్‌ 8లో ఏముంది?

2014 జూన్‌ 2న అమలులోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్‌ పునర్‌వ్యవస్థీకరణ చట్టం 5వ సెక్షన్‌ ద్వారా హైదరాబాదును పదేళ్లకు మించకుండా రెండు రాష్ట్రాలకు ఉమ్మడి రాజధానిగా పార్లమెంటు నిర్ణయించింది. అక్కడ నివసించే వారందరి ప్రాణాలకు, స్వేచ్ఛకు, ఆస్తులకు రక్షణ కల్పించే ప్రత్యేక బాధ్యతను 8వ సెక్షన్‌ గవర్నరుకు అప్పగించింది. శాంతిభద్రతలు, ముఖ్య సంస్థల భద్రత, ప్రభుత్వ భవనాల కేటాయింపు ఈ బాధ్యతలో భాగం. తెలంగాణ మంత్రివర్గాన్ని సంప్రదించిన తర్వాత గవర్నరు సొంత విచక్షణతో తీసుకునే నిర్ణయమే అంతిమం.

శాంతిభద్రతలు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశం. అందుకే 2014 ఆగస్టులో కేంద్ర హోంశాఖ ఈ అధికారాలపై లేఖ పంపినప్పుడు తెలంగాణ ప్రభుత్వం తీవ్ర అభ్యంతరం తెలిపింది. 2015లో ఓటుకు నోటు కేసు, ఫోన్‌ ట్యాపింగ్‌ ఆరోపణల నేపథ్యంలో సెక్షన్‌ 8ను అమలు చేయాలని ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం పట్టుబట్టింది. చదువులకు, ఉద్యోగాలకు హైదరాబాదు వెళ్లి స్థిరపడిన సీమ కుటుంబాలకు ఆ రక్షణ భరోసాగా కనిపించగా, తెలంగాణ వారికి అది ఎన్నికైన ప్రభుత్వంపై పెత్తనంగా కనిపించింది. రెండు వాదనలలోనూ బలముంది. 2024 జూన్‌ 2తో ఉమ్మడి రాజధాని గడువు ముగిసింది.

పాలకవర్గం లేని మహానగరం

ఈ వివాదంలో మూడో పక్షం గొంతు వినిపించలేదు. ఉమ్మడి రాజధాని అంటే గ్రేటర్‌ హైదరాబాద్‌ నగరపాలక సంస్థ పరిధి అని చట్టం పేర్కొంది. ఆ సంస్థ పేరు అక్కడ హద్దులు చెప్పడానికే పనికివచ్చింది. కేంద్రం, రెండు రాష్ట్రాలు వాదులాడుకుంటున్న వేళ 2014 డిసెంబరులో పాలకవర్గం గడువు ముగియగా, 2016 ఫిబ్రవరి 2న ఎన్నికలు జరిగే వరకు 150 డివిజన్ల మహానగరం ప్రత్యేకాధికారి పాలనలో ఉండిపోయింది.

ఢిల్లీలో... వాషింగ్టన్‌లో...

దేశ రాజధాని ఢిల్లీలో ఎన్నికైన శాసనసభ ఉన్నా, రాజ్యాంగంలోని 239ఏఏ అధికరణం ప్రకారం పోలీసు, శాంతిభద్రతలు, భూమి కేంద్రం చేతిలోనే ఉన్నాయి. ఉద్యోగులపై అజమాయిషీ ఢిల్లీ ప్రభుత్వానిదేనని 2023 మే 11న సుప్రీంకోర్టు తీర్పునివ్వగా, అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు కొత్త చట్టంతో పరిస్థితిని మార్చింది. 2022లో మూడు నగరపాలక సంస్థలను ఒకటిగా కలిపింది కూడా పార్లమెంటే. దాంతో 272గా ఉన్న వార్డులు 250కి తగ్గాయి. డిసెంబరులో ఎన్నికలు జరిగే వరకు అక్కడా ప్రత్యేకాధికారే పాలకుడు.

అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు స్వయంపాలన 1973 చట్టంతో దక్కింది. మేయరు, కౌన్సిలు ఉన్నా వారు చేసిన చట్టాలు అక్కడి పార్లమెంటు పరిశీలనకు వెళ్లాలి. 2023లో నగర కౌన్సిలు ఆమోదించిన నేరశిక్షా స్మృతిని ఆ సభ కొట్టివేసింది. వాషింగ్టన్‌ ప్రజల ప్రతినిధికి మాత్రం ఆ సభలో తుది ఓటు లేదు.

రాజధాని యావద్దేశానిది కాబట్టి జాతీయ సభ పర్యవేక్షణ అవసరమన్నది ఒక వాదన. చెత్త, నీరు, వీధిదీపాల కోసం పన్ను కట్టేది అక్కడి నివాసులే కాబట్టి నిర్ణయం వారి ప్రతినిధులదే కావాలన్నది మరో వాదన.

అనంతకూ తప్పని కొరత

రాజధాని కాని ఊళ్లకు ఈ సమస్య లేదనుకుంటే పొరపాటే. 1992లో పార్లమెంటు ఆమోదించిన 74వ సవరణ పురపాలికలకు రాజ్యాంగ హోదా ఇచ్చింది. ఐదేళ్ల గడువు ముగిసేలోగా ఎన్నికలు పూర్తి కావాలని 243యూ అధికరణం చెబుతోంది. ఈ గడువును తప్పక పాటించాలని 2006లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. అయితే 12వ షెడ్యూలులోని 18 అంశాలలో ఏవి పురపాలికలకు బదిలీ చేయాలో నిర్ణయించే అధికారం శాసనసభల చేతిలోనే ఉంది.

ఫలితం అనంతపురం నగరపాలక సంస్థ చరిత్రలోనే కనిపిస్తుంది. 2005లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2010లో ముగియగా, 2014 వరకు ప్రత్యేకాధికారుల పాలన సాగింది. మళ్లీ 2019 జులైలో పాలకవర్గం గడువు ముగిస్తే ఎన్నికలు 2021 మార్చి 10న జరిగాయి. రెండు విడతలు కలిపితే ఐదేళ్లకు పైమాటే. అంటే ఒక పాలకవర్గం పూర్తి పదవీకాలమంత సమయం నగరంలోని డివిజన్లకు కార్పొరేటర్లు లేరు. కొళాయికి నీరు రాకపోయినా, మురుగు కాలువ పొంగినా ఓటుతో నిలదీయడానికి మనిషి లేడు. పాలకవర్గం లేకపోవడం నిధులకూ అడ్డంకే. 14వ ఆర్థిక సంఘం నిధులకు ఎన్నికైన పాలకవర్గం ఉండడం షరతుగా ఉండేది.

హైదరాబాదులో గవర్నరు అధికారాలపై పదేళ్లు చర్చ నడిచింది. వార్డు సభ్యుడు లేని నెలల లెక్క అడిగినవారు తక్కువ. రాజధాని ఎక్కడున్నా, అనంత పౌరుడు ముందుగా అడగవలసిన లెక్క తన డివిజన్‌దే.