దుకాణం పేరున్న కందిపప్పు

రేషన్‌లో సన్నబియ్యం వచ్చినప్పటి నుంచి మా ఇళ్లలో వంట ఖర్చు లెక్క మారింది. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలైన ఆ పథకం కింద తలకు 6 కిలోలు ఉచితం. నలుగురున్న ఇంటికి నెలకు 24 కిలోలు. బియ్యం బెంగ చాలావరకు తీరింది. ఇప్పుడు పైసలన్నీ పోయేది అన్నంలో కలుపుకునే వాటికే: కందిపప్పు, నూనె, పల్లీలు, గుడ్లు, కూరగాయలు. పొదుపు గురించి మాట్లాడాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

నేను పుట్టింది మానుకోటలో. జనగామలో టీచర్‌ని. మా అక్కను భూపాలపల్లి ఇచ్చారు, బావది సింగరేణిలో ఉద్యోగం. 2016 అక్టోబరు దాకా ఈ మూడూ ఒక్క వరంగల్ జిల్లాలోనివే. జిల్లాలు వేరైనా, పండక్కో పబ్బానికో కలిస్తే మా అక్కాచెల్లెళ్ల ముచ్చట చివరికి సరుకుల దగ్గరికే చేరుతుంది.

హనుమకొండ, వరంగల్‌లలో పెద్ద సూపర్ మార్కెట్లు వచ్చాక దుకాణం తన పేరుతోనే అమ్మే ప్యాకెట్లు మా వంటింట్లోకీ వచ్చాయి. డీమార్ట్‌కు ‘ప్రీమియా’, రిలయన్స్ వాళ్లకు ‘గుడ్ లైఫ్’. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఫ్రాన్స్‌లో కార్ఫూర్ అనే దుకాణాల సంస్థ 1976లోనే బ్రాండు పేరు లేని తెల్ల ప్యాకెట్లలో నిత్యావసరాలు అమ్మింది. దుకాణానికి సొంత పప్పు మిల్లు ఉండాల్సిన పని లేదు. ఏదో ఒక మిల్లు దగ్గర టోకున కొని, తన పేరుతో ప్యాక్ చేయిస్తుంది. టీవీ ప్రకటన ఖర్చు లేదు, మధ్యలో డిస్ట్రిబ్యూటర్ లేడు. ధర తగ్గేది అందుకే. ప్యాకెట్ వెనక్కి తిప్పితే ఎవరు తయారు చేశారో, ఎవరు ప్యాక్ చేశారో, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరుతో సహా ఉంటుంది. ముందువైపు బొమ్మ కన్నా ఆ వెనకవైపు చిన్న అక్షరాలే మనకు ఎక్కువ చెబుతాయి.

మా అక్కకు ఇదంతా నచ్చేది కాదు. “అగ్గువది తెచ్చి పిల్లలకు పెడుతవానే? పప్పు ఉడకకపోతే పైసలన్ని గంగల కలిసినట్టే” అనేది. ఒక సెలవు రోజు వాళ్లింట్లోనే చూశాం. ఒకే కుక్కర్‌లో రెండు గిన్నెలు పెట్టి, ఒకదాంట్లో ఆమె ఎప్పుడూ తెచ్చే పేరున్న కందిపప్పు, ఇంకోదాంట్లో దుకాణం పప్పు ఉడికించాం. తేడా కనబడింది, దాచాల్సిన పని లేదు. పేరున్న పప్పు నిగనిగలాడింది, మెత్తగా ఉడికింది. దుకాణం పప్పు కాస్త పలుకుగా మిగిలింది. మరుసటి రోజు ఆ పప్పునే అరగంట నానబెట్టి ఉడికిస్తే ఆ తేడా కూడా పోయింది. పప్పు పాతబడేకొద్దీ ఉడకడం ఆలస్యమవుతుంది. అందుకే ప్యాక్ చేసిన నెల చూసి, కొత్తదే తీసుకోవాలి. నిగనిగ చూసి ఆశపడొద్దు. అది చాలాసార్లు మిల్లులో పట్టించిన పాలిష్.

ధర పోల్చేటప్పుడు ప్యాకెట్ ధర చూసి మోసపోవద్దు. ఇంత బరువులోనే అమ్మాలన్న పాత నిబంధన తీసేశాక ఒకటి 1 కిలో, పక్కది 900 గ్రాములు ఉంటున్నాయి. నూనెలో ఇది మరీ ఎక్కువ. లీటరు సన్‌ఫ్లవర్ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. 850 గ్రాముల ప్యాకెట్ చూడ్డానికి లీటరులాగే ఉంటుంది గాని 60 గ్రాములు తక్కువ. ఇప్పుడు ప్యాకెట్ మీద ‘యూనిట్ సేల్ ప్రైస్’ రాయాలి. కిలో లోపు వాటికి గ్రాముకు ఇంత అని, కిలో దాటిన వాటికి కిలోకు ఇంత అని ఉంటుంది. గ్రాము ధరను వెయ్యితో హెచ్చవేస్తే రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. మా ఐదో తరగతి పిల్లలకు ఈ లెక్క ప్యాకెట్లు తెప్పించే నేర్పిస్తాను. ఇళ్లకెళ్లి అమ్మలకు వాళ్లే చెబుతున్నారు.

అన్నీ దుకాణం పేరువే కొనమని నేను చెప్పను. గింజగా కంటికి కనిపించేదైతే ధైర్యంగా కొనండి: కందిపప్పు, పెసరపప్పు, శనగపప్పు, పల్లీలు, నువ్వులు, బొబ్బెర్లు, ఆవాలు, జీలకర్ర. పురుగుందా, రాళ్లున్నాయా అన్నది కవర్‌లోంచే తెలిసిపోతుంది. పొడి చేసిందైతే ఏ పేరున్నా నాకు నమ్మకం తక్కువ. మా మానుకోట, కేసముద్రం వైపు మిర్చి పండే నేల. ఎండాకాలం మొదట్లో ఎండుమిర్చి కొని, తొడిమెలు తీసి, ఎండబెట్టి, గిర్నిలో పట్టిస్తే ఏడాది గడుస్తుంది. అందులో కొంత చపాటా కలుపుతాం. ఎరుపు ఎక్కువ, కారం తక్కువ ఉండే ఈ మిర్చికి 2025లో ‘వరంగల్ చపాటా’గా భౌగోళిక గుర్తింపు వచ్చింది. పిల్లలు తినే కూరకు ఇంతకన్నా మంచి కారం లేదు.

ఇలా పేరు మీద మిగిలిన డబ్బును మళ్లీ పళ్లెంలోనే పెట్టాలన్నది నా పట్టుదల. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు 2000 కేలరీల ఆహారం తీసుకునే మనిషికి పప్పులు, గుడ్లు, మాంసం అన్నీ కలిపి 85 గ్రాములు కావాలి. నలుగురికి నెలకు 10 కిలోల పైమాటే. మా అక్క రాసే చీటీలో కందిపప్పు 3 కిలోలు, వారానికోసారి కోడికూర, అంతే. నూనె మాత్రం దండిగా. అదే సంస్థ నూనె, కొవ్వులు మనిషికి రోజుకు 27 గ్రాములన్నది. అంటే నలుగురికి నెలకు 3 కిలోల చిల్లర. పొదుపు అనగానే మనం మొదట పప్పు పలుచన చేస్తాం. నీళ్లు కలిపిన పప్పుచారుతో నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయి గాని పిల్లల ఒంటికి పట్టేది తగ్గుతుంది. ఇది చూస్తే నాకు మనసు ఊరుకోదు. తగ్గించాల్సింది నూనె, పెంచాల్సింది పప్పు.

బడి నుంచి వచ్చి పొయ్యి ముట్టించేసరికి ఏడవుతుంది. వారం మధ్యలో నేను ఎక్కువగా చేసేది ముద్దపప్పు, పచ్చిపులుసు. పప్పు నానేలోపు అన్నం అవుతుంది. నిమ్మకాయంత చింతపండు గోరువెచ్చని నీళ్లలో వేసి పిసికి రసం తీయాలి. పచ్చిమిర్చి మంట మీద కాల్చి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, ఉప్పు వేసి చేత్తో బాగా నలపాలి. అందులో రసం పోసి, కొత్తిమీర, చిటికెడు బెల్లం, వేయించి దంచిన నువ్వుల పొడి రెండు చెంచాలు వేయాలి. చెంచాడు నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఎల్లిగడ్డ, కరివేపాకు పోపు పెడితే అయిపోయింది. మరిగించే పని లేదు, గ్యాస్ ఖర్చు లేదు. అక్కకూ ఇది కలిసొస్తుంది: బావకు సెకండ్ షిఫ్ట్ ఉంటే రాత్రి 11కి గాని దిగడు. ఆ వేళకు కూర వేడిచేయడానికి అక్క లేచే అవసరమూ లేదు. చల్లగా తిన్నా పచ్చిపులుసు రుచి తగ్గదు.

మరో రోజు కోడిగుడ్డు పులుసు. ఇంకో రోజు పొద్దున నానేసిన బొబ్బెర్ల గుడాలు, ఉల్లిగడ్డ పోపుతో. గుడాలు తిన్న రాత్రి అన్నం సగమే దిగుతుంది. సాయంత్రం ఆకలికి పిల్లలకు బిస్కెట్ ప్యాకెట్ కొనే బదులు పల్లీలు, పుట్నాలు, బెల్లం ముక్క పెడతాను.

సొంత పేరున్న సరుకులంటే పెద్ద కంపెనీలవే కానక్కర లేదు. ముల్కనూరు మహిళల సహకార డెయిరీ ‘స్వకృషి’ పాలు, పెరుగు పాడి ఆడవాళ్లవి. గిరిజన సహకార సంస్థ అమ్మే ‘గిరి’ తేనె అడవి నుంచి గిరిజనులు తెచ్చింది. బొగ్గుబావుల ఊళ్లకు సింగరేణి సూపర్ బజార్లున్నాయి. ధర దగ్గర దగ్గరగా ఉంటే నేను వీటివైపే మొగ్గుతాను. ఆ రూపాయి మళ్లీ మన చుట్టూనే తిరుగుతుంది.

మా వీధి కిరాణాను కూడా వదులుకోలేదు. 2022 జూలై 18 నుంచి లేబుల్ వేసిన ప్యాకెట్ పప్పు మీద 5 శాతం జీఎస్టీ పడుతోంది. బస్తాలోంచి విడిగా తూచి ఇచ్చేదానికి అది లేదు. కొత్త పంట వచ్చిన నెలల్లో కిరాణా ఆయన పప్పే ఒక్కోసారి అగ్గువ పడుతుంది. పైగా చేతిలో పైసలు లేని వారం సూపర్ మార్కెట్ మనకు ఏమీ ఇవ్వదు, కిరాణా ఆయన ఉద్దెర రాసుకుని కిలో పప్పు ఇస్తాడు. కూలికి పోయే ఇళ్లకు ఆ పుస్తకమే ఆధారం. అందుకే నెల మొదట్లో ఎక్కువ మోతాదులో కావాల్సినవి హనుమకొండ నుంచి తెచ్చుకుని, వారం వారం కావాల్సినవి ఆయన దగ్గరే కొంటున్నాను.